మా షుగరు లెక్క వేరు

(నవంబరు 14, ప్రపంచ మధుమేహ దినం నాడు, క్లోమ వ్యాధి ఉన్నవారి కుటుంబాల కోసం ఒక శాఖా గ్రంథాలయంలో జరిగిన సభలో విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "26 ఏళ్లుగా షుగరును జయించిన మాస్టారు" అన్నారు. ఈ ఉదయం ఏడింటికి నా షుగరు 238. నిన్న అదే వేళకు 81. రెండు రాత్రులూ తిన్నది అదే, వేసుకున్న ఇన్సులిన్ అదే. జయించినవాడి లెక్కలు ఇలా ఉండవండీ. ఏదో రాజీ కుదుర్చుకున్నాను, అంతే. ఆ రాజీ షరతులు చెప్పడానికే వచ్చాను. నేను డాక్టరును కాను. మోతాదులు నన్ను అడగవద్దు, అడిగినా చెప్పను.

ముందుగా ఒక పెళ్లి సంగతి చెబుతాను. 2009లో మా అన్నయ్య కూతురి పెళ్లి. రాత్రి తొమ్మిదిన్నరకు పంక్తి. పెళ్లి భోజనం కదా అని ఇన్సులిన్ రెండు యూనిట్లు ఎక్కువే వేసుకుని కూర్చున్నాను. ముద్దపప్పులో నెయ్యి, గుత్తివంకాయ, పులిహోర, సగం బొబ్బట్టు, చివర గడ్డపెరుగు. తిన్నది అరగడానికి నేను ప్రతి భోజనంతో వేసుకోవలసిన ఎంజైము క్యాప్సూళ్లు మాత్రం విడిదిలో విప్పిన చొక్కా జేబులో ఉండిపోయాయి. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. రాత్రి రెండు గంటల వేళ మా ఆవిడకు మెలకువ వచ్చేసరికి నేను లేచి సూట్‌కేసు తెరిచి సుద్దముక్కల కోసం వెతుకుతున్నానట. బెల్లు కొట్టేశారు, పదో తరగతి పిల్లలు ఎదురుచూస్తున్నారు అంటున్నానట. బనీను పిండితే నీళ్లు కారేలా తడిసిపోయింది. మీటరు పెట్టి చూస్తే 41. గ్లూకోజు కలిపి ఇస్తే వద్దని ఆవిడతో పోట్లాడానట. మొత్తానికి తాగించింది. పావుగంటకు 68, ఇంకోసారి తాగించాక 112.

మర్నాడు మా బావగారు అడిగారు: "పెళ్లి భోజనం చేస్తే షుగరు పెరగాలి గానీ పడిపోవడమేమిటయ్యా?" చుట్టాల్లో ఎవరికీ జవాబు తెలియదు. అప్పటికి పదేళ్లుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్న నాకూ తెలియదు. పిల్లలకు జీర్ణవ్యవస్థ పాఠం ముప్పైసార్లు చెప్పినవాణ్ణి! తెల్లవారి మరుగుదొడ్డిలో నీళ్ల మీద నూనె చుక్కలు తేలుతూ కనిపించాయి. జవాబు అక్కడుంది. నేను తిన్న భోజనంలో చాలా భాగం అరగకుండానే బయటికి పోయింది. ఇన్సులిన్‌కు ఆ సంగతి తెలియదు కదా. రెండు యూనిట్లు ఎక్కువగా, రాని పిండిపదార్థం కోసం ఎదురుచూసి, రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ ఊడ్చేసింది.

క్లోమం అంటే కడుపు వెనుక, వెన్నుకు ముందు అడ్డంగా పడుకుని ఉండే జానెడు గ్రంథి. రోజుకు లీటరు నుంచి రెండు లీటర్ల దాకా జీర్ణరసం తయారుచేసి చిన్న పేగులోకి పంపుతుంది. ఆ గ్రంథిలోనే అక్కడక్కడా ద్వీపాల్లా పరుచుకున్న కణాల గుంపులు ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతాయి. జర్మనీకి చెందిన లాంగర్‌హాన్స్ 1869లో వీటిని మొదట చూశాడు. అందుకే మన పాఠ్యపుస్తకంలో లాంగర్‌హాన్స్ పుటికలు అని ఉంటుంది. పరిమాణంలో అవి గ్రంథిలో నూటికి ఒకటో రెండో వంతు. ఒకే ఇంట్లో వంటవాడు, గుమస్తా ఉన్నట్టు. ఇంటికి నిప్పంటుకుంటే ఇద్దరూ పోతారు.

నాకు ఇష్టమైన కథ ఒకటుంది. 1889లో స్ట్రాస్‌బుర్గ్‌లో మిన్‌కోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు ఒక కుక్కకు క్లోమం తీసేశారు. ఎందుకనుకున్నారు? షుగరు కోసం కాదు. క్లోమం లేకపోతే కొవ్వు అరుగుతుందా లేదా అని వారి మధ్య వచ్చిన చర్చ. తీరా చూస్తే కుక్కకు అతిమూత్రం పట్టుకుంది, ఆ మూత్రంలో చక్కెర ఉంది. కొవ్వు ఎలా అరుగుతుందని బయలుదేరి మధుమేహం దగ్గర తేలారు. ఆ తర్వాత లోకమంతా ఇన్సులిన్ వెంట పరుగెత్తింది, 1921లో టొరంటోలో పట్టుకుంది, కోట్ల ప్రాణాలు నిలిచాయి. మొదట బయలుదేరిన కొవ్వు సంగతిని మాత్రం షుగరు వైద్యం పక్కన పెట్టింది. మనలాంటి వాళ్లకు ఆ రెండూ ఒకే కుక్క కథ అని గుర్తుచేయవలసి వస్తోంది.

మన జబ్బుకు తోడు ఇంకో చిక్కుంది. కాలేయాన్ని గాదె అనుకోండి. తిన్నప్పుడు మిగిలిన చక్కెరను గాదెలో పోయించేది ఇన్సులిన్. తిననప్పుడు గాదె తలుపు తీసి చక్కెరను బయటికి పంపించేది గ్లూకగాన్. ఇదీ ఆ పుటికల్లోనే తయారవుతుంది. నలుగురికీ వచ్చే షుగరులో గ్లూకగాన్ నిక్షేపంగా ఉంటుంది, కొందరిలో అవసరానికి మించే ఉంటుంది. మనకు పోయించేవాడితో పాటు తలుపు తీసేవాడూ మంచాన పడ్డాడు. అందుకే మన షుగరు ఎక్కినప్పుడు అందనంత ఎక్కుతుంది, దిగినప్పుడు అడ్డు లేకుండా దిగుతుంది. డాక్టర్లు దీనికి టైప్ 3సి అని వేరే పేరు పెట్టారు. మీ కాగితాల మీద టైప్ 2 అని రాసి ఉంటే ఒకసారి అడగండి. ఆ అంకె మారితే వైద్యం మారుతుంది.

నాకు మొదటి ఆరేళ్లు టైప్ 2 అనే వైద్యం చేశారు. ఒక క్లినిక్కులో అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టారు. అన్నం తగ్గించు, నెయ్యి నూనె మానెయ్యి, రాగులు, ఓట్లు, పచ్చి కూరలు తిను, బరువు తగ్గు. నేను బుద్ధిమంతుడైన విద్యార్థిని. అక్షరం తప్పకుండా పాటించాను. అప్పటికే 51 కిలోలున్న మనిషిని 43కు వచ్చాను. ఆ కాగితం తప్పని అనను. బొజ్జ పెరిగి షుగరు వచ్చినవారికి అది మంచి కాగితమే. తిన్నది ఒంటికి పట్టని వాడికి అదే కాగితం ఇవ్వడం తప్పు. పీచు మరీ ఎక్కువైతే ఎంజైముల పని కుంటుపడుతుంది కూడా. ఇప్పుడు నాకు ఆహార నిపుణురాలు చెప్పేది వేరు: కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తిను, మాంసకృత్తులు వదలకు, నూనెను చూసి పారిపోకు, తిన్నదానికి తగ్గ క్యాప్సూలు వేసుకో.

ఇక ఆ క్యాప్సూలు దగ్గర కాసేపు ఆగుతాను. ఇన్సులిన్ గురించి అందరూ చెబుతారు, దీని గురించి ఎవరూ చెప్పరు.

దాని పేరు పక్కన ఉండే 10,000, 25,000, 40,000 లాంటి అంకెలు లైపేజ్ యూనిట్లు, అంటే కొవ్వును అరిగించే సత్తువ. పెద్దవాళ్లకు పూర్తి భోజనానికి సాధారణంగా 40,000 నుంచి 50,000 యూనిట్లతో మొదలుపెడతారు, చిరుతిండికి అందులో సగం. చాలక పోతే డాక్టరు పెంచుతారు. రోజుకొకటి ఉదయం మింగే బలం మాత్ర కాదిది. ప్రతి భోజనానికీ కావాలి, పాలు కలిపిన కాఫీతో రెండు జంతికలు తిన్నా కావాలి. వేళ ముఖ్యం. అరగంట ముందు మింగితే అన్నం రాకముందే దాటిపోతుంది. చేయి కడుక్కున్నాక మింగితే అన్నమే ముందు వెళ్లిపోతుంది. నేను మొదటి ముద్దతో ఒకటి, సగం విస్తరి ఖాళీ అయ్యాక ఇంకొకటి వేసుకుంటాను. నమలకూడదు. లోపలి గుళికల మీద పొర ఉంటుంది. జఠరరసంలోని ఆమ్లానికి ఎంజైము చచ్చిపోకుండా కాపాడేది ఆ పొరే. మింగలేని పిల్లలకు విప్పి పెట్టాల్సి వస్తే పుల్లటి ఆపిల్ గుజ్జులో కలపమంటారు. పాలలో కలిపితే పొర ముందే కరిగిపోతుంది. ఎండాకాలంలో స్కూటరు డిక్కీలో పెట్టి మరిచిపోయారో, ఆ డబ్బా మీద పెట్టిన డబ్బు దండుగ.

ఇవి పంది క్లోమం నుంచి తీస్తారు. ఇక్కడ కొందరి ముఖాలు మారుతున్నాయి, నాకు తెలుసు. మా అమ్మకు చెప్పకుండా ఏడాది దాచాను. ఒకరోజు మందుల కొట్టు అబ్బాయి నోరు జారాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మందుకు మడేమిటిరా, మింగు" అంది. మీ మీ నమ్మకాలు మీవి. మీ పెద్దలను అడగండి, మీ డాక్టరుతో చెప్పండి. తెలిశాక చెప్పకుండా మానేయడం ఒక్కటే వద్దు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? సిగ్గుపడకుండా మలం చూసుకోవాలి. పాలిపోయి, జిగురుగా, ఒక పట్టాన నీళ్లకు పోకుండా, ముక్కు మూసుకునే వాసనతో ఉంటే కొవ్వు అరగడం లేదన్నమాట. లైపేజ్ తయారీ నూటికి పది వంతుల కిందికి పడిపోతే గానీ ఇంత స్పష్టంగా కనిపించదట. అంటే అది కనిపించేసరికే ఇల్లు చాలావరకు కాలిపోయింది. కొందరిలో ఇదేమీ కనిపించదు, బరువు మాత్రం తగ్గుతూ ఉంటుంది. అందుకని మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమ ఎంజైమును కొలిచే పరీక్ష ఉంది. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే అనుమానించాలి.

క్యాప్సూళ్లు మొదలుపెట్టిన కొత్తలో చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. తిన్నది ఒంటికి పట్టడం మొదలవుతుంది కాబట్టి షుగరు పెరుగుతుంది. "ఈ గోళీల వల్లే పెరుగుతోంది" అని గోళీలు మానేస్తారు. పెరగడమే దాని పని! ఆ పెరిగినదానికి ఇన్సులిన్ సరిచేయించుకోవాలి. అందుకే మొదలుపెట్టిన మొదటి వారాల్లో రోజుకు నాలుగైదుసార్లు మీటరు పెట్టి, అంకెలు రాసి, డాక్టరు ముందు పెట్టండి. క్యాప్సూలు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేసేవాడి ఇన్సులిన్ లెక్క బ్రహ్మదేవుడు కూడా కట్టలేడు.

ఇన్సులిన్ దగ్గర ఒక్క జాగ్రత్త. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దాని సిరంజికి ఎర్ర మూత. పెన్నులో వచ్చేది 100 యూనిట్లది. ఆ రకానికి నారింజ మూత సిరంజి. పెన్ను పాడైందని అందులోని మందును ఎర్ర మూత సిరంజితో లాగి 10 గీత దాకా నింపితే ఒంట్లోకి పోయేది 10 కాదు, 25. నవ్వులాట కాదండీ, మా వీధిలో ఒకాయన్ను ఇలాగే 108లో తీసుకువెళ్లారు.

ఇంకొకటి, తొందర. భోజనమైన గంటకు 310 కనిపిస్తుంది. గుండె దడదడలాడుతుంది, మళ్లీ ఒక సూది పొడుస్తాం. మొదటి సూది ఇంకా పనిలోనే ఉంది. రెండూ కలిసి మూడు గంటల తర్వాత మనల్ని నేలకు కొడతాయి. నాకు పడిపోయిన షుగర్లలో సగం నా చేజేతులా చేసుకున్నవే. నేను ఎక్కువకు భయపడను అని కాదు. కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు మనకూ అందరిలాగే దెబ్బతింటాయి, ఏటా చూపించుకోవాలి. ఎక్కువ షుగరు ఏళ్ల తరబడి తింటుంది, తక్కువ షుగరు పావుగంటలో తేల్చేస్తుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె 7 శాతం దగ్గర ఉండాలని పట్టుబట్టి వారానికి మూడుసార్లు కింద పడేకంటే, కొంచెం పైనే ఉంచుకుందామా అని డాక్టరును అడగడంలో తప్పు లేదు. నన్ను మా డాక్టరు అలాగే ఉంచారు.

మాత్రల సంగతి త్వరగా ముగిస్తాను. తొలి దశలో మెట్‌ఫార్మిన్ వాడతారు, విరేచనాలు పట్టుకుంటే చెప్పండి. గ్లిమిపిరైడ్ లాంటివి షుగరును పడేస్తాయి. పేరు చివర 'గ్లిప్టిన్' అని ఉండేవి, వారానికోసారి పొడిచే సన్నబడే సూదులు, మూత్రంలో చక్కెర పోయించే మాత్రలు, ఈ మూడు రకాలూ మన జబ్బులో సాధారణంగా వద్దంటారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు "నాకు క్లోమం చెడి షుగరు వచ్చింది" అనండి. ఆ ఒక్క వాక్యం చాలా తప్పులు ఆపుతుంది.

ఇప్పుడు కార్తీకం. ఇంట్లో అందరూ సోమవారం నక్షత్రాలు చూసేదాకా ఉపవాసం. నేను మానేసి పదిహేనేళ్లయింది. గాదె తలుపు తీసేవాడు లేనప్పుడు పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఇన్సులిన్ వేసుకుని ఉండడం భక్తి అనిపించుకోదు. ఇందాక ఎవరో చెల్లెమ్మ చీటీ పంపారు: ఉపవాసానికి సగ్గుబియ్యం తినవచ్చా, కర్రపెండలం వల్లే ఈ జబ్బు వస్తుందట కదా అని. మంచి ప్రశ్న. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం ఆ దుంప నుంచే చేస్తారు. కేరళలో డాక్టర్ గీవర్గీస్ 1960లలో వందల మంది పేద రోగుల్లో, తాగుడు అలవాటు లేనివారిలో, క్లోమంలో రాళ్లు, షుగరు ఉండడం గమనించి, వాళ్లు తినే కర్రపెండలాన్ని అనుమానించారు. ఆ దుంప తినని చోట్ల కూడా ఇదే జబ్బు కనిపించడంతో ఆ వాదం నిలబడలేదు. తర్వాత మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో జన్యువులు పరీక్షించి, ఎస్‌పీఐఎన్‌కే1 అనే జన్యువులో మార్పు ఈ రోగుల్లో ఎక్కువగా ఉందని చూపించారు. క్లోమం తన రసానికి తానే అరిగిపోకుండా కాపాడే తాళం లాంటిదట ఆ జన్యువు. ఆ మార్పున్నా జబ్బు రానివాళ్లూ ఉన్నారు. కాబట్టి, అమ్మా, సగ్గుబియ్యాన్ని జబ్బుకు కారణమని భయపడవద్దు. షుగరును చప్పున పెంచే పిండి అని మాత్రం గుర్తుంచుకోండి.

నొప్పి రోజుల సంగతి. కడుపులో పుట్టి వీపులోకి తన్నే ఆ నొప్పి వచ్చినప్పుడు నీళ్లు కూడా దిగవు. తినలేదు కదా అని మొత్తం ఇన్సులిన్ ఆపేయకూడదు, తిన్నట్టుగా మొత్తం వేసుకోనూకూడదు. రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఎంత ఉంచాలి, భోజనానికి వేసేది ఎప్పుడు మానాలి అన్నది ఒంట్లో బాగున్న రోజునే డాక్టరుతో రాయించుకుని పెట్టుకోండి. నా కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంటుంది. ఎన్నో ఏళ్లు నిలకడగా ఉన్న మనిషికి ఉన్నట్టుండి నొప్పి తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కళ్లు పచ్చబడినా అది వేరే ఆలోచించవలసిన సంగతి. ఆలస్యం చేయవద్దు.

మద్యం, సిగరెట్టు. ఈ రెండూ క్లోమాన్ని వేరువేరుగా తింటాయి. పైగా మద్యం ఆ రాత్రికి గాదె తలుపుకు బయట గడియ పెడుతుంది. తాగి ఇన్సులిన్ వేసుకుని పడుకున్నవాడు తెల్లారి లేవకపోవచ్చు. మానేసినవారిని, మానలేక అవస్థ పడుతున్నవారిని ఇంట్లో దెప్పకండి. నేను చుక్క ముట్టినవాణ్ణి కాదు. అయినా ఏ కొత్త ఆసుపత్రికి వెళ్లినా మొదటి ప్రశ్న "రోజుకెంత తాగుతారు?" అనే. కాదంటే నమ్మరు, మా ఆవిడ ముఖం చూస్తారు.

(సభలో ఒక తల్లి: మా బాబుకు 14 ఏళ్లు మాస్టారూ. బడిలో షుగరు పడిపోతే ఎలా తెలుస్తుంది వాళ్లకు?)

తెలియదమ్మా. అదే చెప్పబోతున్నాను. చెమట, వణుకు, ఆకలి, మాట తడబడడం, ఊరికే కోపం. చాలా ఏళ్లయ్యాక కొందరికి ఆ గుర్తులు కూడా రావు. ఒకసారి బస్సులో నాకు పడిపోయింది. టికెట్టు డబ్బులు ఇవ్వమంటే కండక్టరు చేతిలో కళ్లజోడు పెట్టాను. ఆయన నన్ను తాగుబోతనుకుని తర్వాతి స్టాపులో దింపేశాడు. నడిరోడ్డు మీద ఎండలో కూర్చున్నాను. చెరకురసం బండి అబ్బాయి దగ్గరికొచ్చి, వాళ్ల నాన్నకూ షుగరేనట, అడగకుండానే గ్లాసు నోటికి పెట్టాడు.

ఆ మరునాడే ఈ కార్డు రాయించాను. ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది, చదువుతాను: "నాకు క్లోమ వ్యాధి, షుగరు ఉన్నాయి. ఇన్సులిన్ వాడతాను. నేను తడబడుతుంటే తాగాననుకోకండి, షుగరు పడిపోయింది. మెలకువగా ఉంటే మూడు చెంచాల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి."

బాబు క్లాసు టీచరుకు ఒకటి, వ్యాయామం మాస్టారుకు ఒకటి, పక్క బెంచీ స్నేహితుడికి తప్పకుండా ఒకటి ఇవ్వండి. ఆ స్నేహితుడే ముందు చూస్తాడు. సంచిలో గ్లూకోజు పొట్లం, దాని పక్కనే క్యాప్సూళ్ల డబ్బా ఉండాలి. మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు క్యాప్సూలు వేసుకున్నాడా అని అడగడం కూడా ఆ స్నేహితుడికే అప్పజెప్పండి, మీ మాట కన్నా వాడి మాట వింటాడు. ఖాళీ కార్డులు ఆ బల్ల మీద వంద దాకా ఉన్నాయి. ఇంటి ఫోను నంబరు బాల్‌పెన్నుతో రాసి ప్లాస్టిక్కు కవరులో పెట్టండి. సిరా పెన్నుతో రాస్తే చెమటకు చెరిగిపోతుంది. నా మొదటి కార్డు అలాగే పోయింది.